ఒకటింబావు చుట్టు

"ఇది మీకు సరిగ్గా సరిపోతుంది చెల్లెమ్మా. ఆడవాళ్లకి తేలిగ్గా ఉంటుంది," అంటూ సెక్రటరీ గాజు బల్ల మీద పెట్టినదాన్ని చూడగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

చూడ్డానికి ఎయిర్ రైఫిలే. నల్లగా నిగనిగలాడుతోంది, పక్కన బంగారు రంగు గీత కూడా ఉంది. ఆమె చేతిలోకి తీసుకుని ముందు తిరగేసి చూసింది. గురి చూసే వెనక సైటును బొటనవేలితో నెట్టింది. అది కదిలింది. లోపల సీసపు పెల్లెట్ గుండు లేదని చూసుకుని, గొట్టం గోడవైపు పెట్టి, ట్రిగ్గర్ మీద వేలు ఆనించి నెమ్మదిగా లాగింది. లాగుతూనే ఉంది, అది పాత రబ్బరుబ్యాండులా సాగుతూనే ఉంది. సాగి సాగి, ఆమె ఇంకా సిద్ధం కాకముందే టక్కుమంది.

"దీన్ని తూకానికి కొన్నారా?" అంది, కింద పెట్టేసి.

సెక్రటరీ నవ్వాడు. ఆ నవ్వు ఆయనకు షాపులోనూ అదే, రేంజిలోనూ అదే. ఎందుకంటే ఈ ఆటసామాన్ల షాపు ఆయనది, ఊరి చివరి షూటింగ్ రేంజికి పదిహేనేళ్లుగా సెక్రటరీ కూడా ఆయనే. రూలు రాసేదీ ఆయనే, ఆ రూలుకి కావలసిన సరుకు అమ్మేదీ ఆయనే. ఏమన్నా అంటే, సేవ అంటాడు.

"మీరేమన్నా పతకాలు తేవాలా? ఆదివారం సరదాగా వచ్చి నాలుగు పెల్లెట్లు కాల్చుకుని వెళ్లేదానికి ఇది చాలదూ?"

"సరదాగా సినిమాకెళ్తే సగం తెర చూపిస్తారా సార్? పది మీటర్ల అవతల పెసరగింజంత చుక్కని కొట్టాలి. సైటు కదుల్తుంటే ఏం కొట్టను, మీ గోడ కొట్టనా?"

ఆయన వెనక గోడ మీద కొత్త నోటీసు అంటించి ఉంది. ఒకటో తారీఖు నుంచి క్లబ్బు రైఫిళ్లు ఎవరికీ ఇవ్వరు. సొంత రైఫిలు ఉన్నవాళ్లకే లైను. ఒకటో తారీఖు వచ్చే ఆదివారమే. ఇవాళ బుధవారం. లైను ఒక్కసారి వదులుకుంటే మళ్లీ దొరకడానికి రెండేళ్లు పడుతుంది, వెయిటింగు లిస్టు అంత పొడుగుంది.

వారంలో ఆరు రోజులు ఆమె చెవుల్లో రెండు వందల కుట్టుమిషన్లు మోగుతాయి. ఆదివారం ఏడో నంబరు లైనులో నిలబడి, చెంప రైఫిలుకి ఆనించి, ఊపిరి బిగబట్టిన ఆ నాలుగు క్షణాలే ఆమెకు నిశ్శబ్దం. ఎవరూ పిలవరు. ఏదీ చెడిపోదు. ఆ గంట పోతుందంటే ఆమెకు ఏడుపు రాలేదు, ఎవర్నైనా పట్టుకుని ఉతకాలనిపించింది.

"ఆ పైదాన్ని చూపించండి."

చూపించాడు. అది పోటీల్లో వాడే అసలు సిసలైన మ్యాచ్ రైఫిలు. చెంప ఆనే చోటు పైకీ కిందికీ జరుపుకోవచ్చు. ట్రిగ్గర్ ఒక చోటికి వచ్చి ఆగుతుంది, అక్కణ్ణుంచి గోరంత ఒత్తిడి చాలు. భుజానికి పెట్టుకుంటే ఎన్నాళ్లనుంచో ఆమె ఒంటికి కొలిచి చేయించినట్టుంది. ధర కాగితం చూసింది. ఐదు నెలల జీతం. రైఫిలు వెనక్కి ఇచ్చేసింది.

"పోనీ ఒక పని చేయండి," అని సెక్రటరీ గొంతు తగ్గించాడు, షాపులో వేరే ఎవరూ లేకపోయినా. "మన వాచీ బాబాయ్ తన రైఫిలు అమ్మేస్తున్నాడు. పాతదే కానీ మంచి కంపెనీది. పాపం ఆయన చెయ్యి పోయింది. ఏడాదిగా చూస్తున్నాంగా, ఆయన టార్గెట్ కార్డు చూస్తే జల్లెడే. రేపు సాయంత్రం రేంజికి వస్తాడు, అడగండి."

*

మర్నాడు ఫ్యాక్టరీలో నాలుగో వరసలో పెద్ద గొడవ. సూపర్‌వైజరు ఒక పిల్ల మీద పడి అరుస్తున్నాడు. చొక్కా కాలరు కుట్టులో దారం తప్పుతోంది, పది చొక్కాలు పాడయ్యాయి, కళ్లు ఎక్కడ పెట్టుకుని కుడుతున్నావ్ అని. ఆ పిల్ల తల వంచుకుని ముక్కు తుడుచుకుంటోంది.

మిషన్లు బాగుచేసే ఆమెను ఆ ఫ్యాక్టరీలో అందరూ స్క్రూడ్రైవరక్క అంటారు. జేబులో ఎప్పుడూ మూడు ఉంటాయి, పెద్దదీ చిన్నదీ మరీ చిన్నదీ. ఆమె వచ్చి పిల్లను లేపి, ఆ స్టూలు మీద కూర్చుని, మిషను తల వెనక్కి పడేసింది. కింద కొక్కెం దగ్గర స్క్రూ వదులు. అర చుట్టు తిప్పింది. గుడ్డముక్క పెట్టి కుట్టి చూసి, ఆ ముక్కను సూపర్‌వైజరు చేతిలో పెట్టింది.

"ఇప్పుడు తప్పిందా?"

"లేదు."

"మరి ఆ పిల్ల కళ్లు ఈ అయిదు నిమిషాల్లో బాగైపోయాయా? ఎన్నిసార్లు చెప్పాలి మీకు, ముందు మిషను చూడండి, ఆ తర్వాత మనిషిని తిట్టండి అని!"

అతను గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. క్షమించమని ఆ పిల్లతో ఒక్క ముక్క అనలేదు. అంటే ఏం పోయేదో!

సాయంత్రం రేంజికి వెళ్లేసరికి వాచీ బాబాయ్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, పక్కన పొడుగాటి పెట్టె. యాభై ఏళ్లు చేతి గడియారాలు బాగుచేసిన మనిషి. పరిచయం లేనివాళ్లని చూసినా ముందు మొహం వైపు కాదు, మణికట్టు వైపు చూస్తాడు.

"బాబాయ్, రైఫిలు ఇచ్చేస్తున్నారంట?"

"ఇచ్చేస్తున్నానమ్మా. నువ్వు తీసుకుంటానంటే సంతోషం. నువ్వు నిలబడే పద్ధతి బాగుంటుంది." పెట్టె తెరిచాడు. చెక్క మీద చెంప ఆనే చోట మెరుగు పోయి నున్నగా అయింది. "దీనికి ఏ లోపం లేదు. లోపమంతా దీంట్లో." కుడి చెయ్యి చాపి చూపించాడు.

ఆమె ఆ చేతిని చూసింది. సన్నటి పొడుగాటి వేళ్లు, గోళ్లు కురచగా కత్తిరించి ఉన్నాయి. చెయ్యి ఎంతమాత్రం వణకడం లేదు.

"వణకట్లేదే?"

"బయటికి కనపడదు తల్లీ. కార్డు మీదే కనపడుతుంది. చెయ్యే పోయిందని సెక్రటరీ అంటే నేనూ ఒప్పుకోలేదు మొదట్లో. కళ్లద్దాలు మార్చాను, కాఫీ మానేశాను, పొద్దున్నే లేచి ఇటుక పట్టుకుని గంటసేపు నిలబడ్డాను. పడేది మాత్రం పడుతూనే ఉంది, ఒకటి అటు, ఒకటి ఇటు. షాపు కూడా తియ్యడం లేదిప్పుడు."

ఆ రేంజిలో చేరిన మొదటి రోజు అందరికీ నేర్పే పాఠం ఒకటుంది. గురి తప్పితే రైఫిలును అనకూడదు. నిలబడిన తీరు చూసుకో, ఊపిరి చూసుకో, వేలు చూసుకో. ముప్పై ఏళ్లుగా ఆ పాఠం వంటబట్టిన మనిషి ఆయన. దానికి తోడు స్క్రూల రూలు ఒకటి. ఆరు నెలలకోసారి అందరి రైఫిళ్లూ సెక్రటరీ తీసుకెళ్లి సర్వీసు చేయిస్తాడు. అడుగున స్క్రూల మీద ఎర్ర రంగుతో సీలు గీత గీసి తిరిగిస్తాడు. ఆ గీత చెరిపినవాడికి సభ్యత్వం రద్దు. భద్రత కోసమట!

"ఆదివారం దాకా నీ దగ్గర ఉంచుకో. కాల్చి చూసుకో. నచ్చితేనే," అన్నాడు బాబాయ్. కొనేవాళ్లకి అలా నాలుగు రోజులు ఇవ్వడం అక్కడ మామూలే. ఆమె కాల్చేదాకా ఆయన ఉండలేదు. గొడుగు తీసుకుని బయటికి నడిచాడు, వెనక్కి చూడకుండా.

ఆమె ఏడో లైనులో నిలబడి అయిదు పెల్లెట్లు కాల్చింది. కార్డు తెప్పించి చూస్తే అయిదూ అయిదు దిక్కుల పడ్డాయి. తనకు కొత్త రైఫిలు, చెయ్యి కుదరలేదేమో అనుకుంది. ఇసక సంచి మీద ఆనించి, కుర్చీలో కూర్చుని, మళ్లీ అయిదు కాల్చింది. మళ్లీ జల్లెడే. ఇసక సంచికి కూడా చెయ్యి వణుకుతుందా?

భుజం వెనక నుంచి సెక్రటరీ గొంతు వినపడింది. "నేను చెప్పలా? గొట్టం అరిగిపోయింది చెల్లెమ్మా. ఆయన అడిగినంత పెట్టకండి. ఒక నెల ఆగండి, సగానికి దిగుతాడు. నేను మాట్లాడి ఇప్పిస్తాగా. అప్పటిదాకా మీ లైను నేను చూసుకుంటాను."

నిన్న చెయ్యి పోయిందన్నాడు. ఇవాళ గొట్టం పోయిందంటున్నాడు. అమ్మేవాడికి ఒక మాట, కొనేవాడికి ఒక మాట. ఆమె రైఫిలు పెట్టెలో పెట్టి, కొక్కేలు టకటకా వేసేసింది.

*

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల టైములో పెట్టెను ఫ్యాక్టరీ వర్కుషాపు బల్ల మీదికి ఎక్కించింది. రైఫిలును పాత దుప్పటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, కరెంటు దీపం దగ్గరికి లాక్కుంది. అడుగున రెండు స్క్రూలు. గొట్టాన్నీ యంత్రాన్నీ చెక్కకు పట్టి ఉంచేవి అవే. రెండింటి మీదా ఎర్ర గీత, ఎక్కడా చెక్కుచెదరలేదు. చేత్తో పట్టుకుని ఊపింది. ఏదీ కదల్లేదు.

అయినా చూడాలి. మిషను కదా, ముందు దాన్నే చూడాలి. సీలు చెరిపితే సభ్యత్వం పోతుంది. పోనీ. లైనే పోతున్నప్పుడు సభ్యత్వం నెత్తిన పెట్టుకుని ఊరేగాలా?

వెనక స్క్రూకి స్క్రూడ్రైవరు పెట్టి ఒత్తింది. రాయిలా ఉంది. ముందు స్క్రూకి పెట్టింది. గీత తెగింది, స్క్రూ వేలు పెట్టి తిప్పినంత సులువుగా తిరిగింది. బిగుసుకునేదాకా లెక్కపెట్టింది. ఒక చుట్టు. ఇంకో పావు. ఒకటింబావు చుట్టు.

వాడి వాడి వదులయ్యే స్క్రూ ఆమెకు తెలుసు. అది వదులైతే దాని మీద రంగు ముందే పగులుతుంది. ఇక్కడ రంగు పగల్లేదు. అంటే ముందు వదులు చేసి, ఆ తర్వాత తీరిగ్గా, చెయ్యి వణక్కుండా, దాని మీద గీత గీశారు. వెనకది మాత్రం గట్టిగా ఉంచారు, ఊపితే తెలియకుండా.

"దొంగ సచ్చినోడా!" అంది ఆమె పైకే. పక్క బల్ల దగ్గర అన్నం తింటున్న ఎలక్ట్రీషియన్ తననే అనుకుని ఉలిక్కిపడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. డాబా మీద నీళ్ల ట్యాంకు నుంచి అవతలి గోడ దాకా సరిగ్గా పది మీటర్లు. గోడకు ఆనించి చెక్క పెట్టె పెట్టి, నిండా గుడ్డపేలికలు కుక్కి, దాని మీద కార్డు అంటించింది. ఆరిన బట్టలు తీయడానికి వచ్చిన అత్తగారు ట్యాంకు పక్కన మూడుకాళ్ల స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఎవర్ని కాల్చడానికే అది?"

"నిన్నే అత్తా. పెద్దదానివయ్యావు, ఇంకెంతకాలం భరించను?"

"కాల్చవే, కాల్చు. రేపట్నుంచి పొద్దున్నే నీళ్లు ఎవరు పడతారో చూస్తా."

ఆమె నవ్వుతూనే కుర్చీ వీపుకి దిండు కట్టి, దాని మీద రైఫిలు ఆనించింది. అయిదు పెల్లెట్లు. ఒక్కోదానికీ మధ్య ఊపిరి పూర్తిగా వదిలింది. అయ్యాక అత్తగారే ముందు లేచి వెళ్లి, కళ్లద్దాలు పైకి తోసుకుని కార్డు చూసింది.

"అయ్యో రాత! అయిదు కాలిస్తే ఒక్కటే తగిలింది కదే. మిగతా నాలుగూ పక్కింటి వాళ్ల మీద పడలేదు కదా?"

ఆమె వెళ్లి చూసింది. చిన్న కన్నం, అంచులు పూరేకుల్లా చిరిగి ఉంది. ఒకటి కాదు, అయిదూ. అయిదూ ఒకే చోట దూరాయి. ఆమె కార్డు ఊడదీసుకుని అక్కడే నేల మీద కూర్చుంది.

ఆ ఖరీదైన రైఫిలు కూడా ఇంతకన్నా ఏం కొడుతుంది? ఇది ఆమె దగ్గరున్న డబ్బుకి వస్తుంది. ఆదివారానికి ఆమెదౌతుంది. ఆమె నోరు విప్పకపోతే.

విషయమంతా విన్నాక అత్తగారు బట్టలు మడతపెట్టడం ఆపలేదు. "నువ్వేమన్నా ఆ స్క్రూ వదులు చేశావా?"

"లేదు."

"ఆయన అడిగినదాంట్లో ఒక్క రూపాయి తగ్గించావా?"

"లేదు."

"మరింకేంటి? ఆయన అమ్ముతున్నాడు, నువ్వు కొంటున్నావు. లోకంలో ఉన్న స్క్రూలన్నీ నువ్వే బిగించాలా? జన్మలో మొదటిసారి నీ కోసం ఒక వస్తువు అడుగుతున్నావు. కొనుక్కోవే, మాట్లాడకుండా."

 అత్త మాట తప్పని అనాలనుకుంది, నోరు రాలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట అత్త నోట వచ్చినందుకు లోపల హాయిగా అనిపించింది. ఆ హాయి మీద ఒళ్లు మండింది. మంటనంతా సెక్రటరీ మీదికి మళ్లించుకుని, వాడి బతుకు తెల్లారనీ అని తిట్టుకుంటూ రైఫిలు తుడిచి పెట్టెలో పెట్టింది.

శనివారం పదింటికి ఫ్యాక్టరీకి ఫోను వచ్చింది. వాచీ బాబాయ్.

"పనిలో ఉన్నావా అమ్మా? ఒక్క మాట. కాల్చి చూశావా?"

"చూశాను బాబాయ్."

"ఎలా పడుతున్నాయి?"

చుట్టూ మిషన్ల హోరు. ఆమె ఒక చెవి మూసుకుని గోడవైపు తిరిగింది. ఇప్పుడు చెప్పేస్తే అయిపోతుంది. రేపటి లైనూ అయిపోతుంది.

"బాగానే పడుతున్నాయి."

"అన్నీ ఒక చోటేనా?"

"అన్నీ ఒక చోటే."

అబద్ధం కాదు కదా!  

"అయితే సరేనమ్మా," అన్నాడు ఆయన. "రేపు కలుద్దాం."

*

ఆదివారం ఆమె పెట్టె తీసుకుని పెందలాడే రేంజికి వెళ్లింది. డబ్బు కవరులో పెట్టి, కవరు జాకెట్టు లోపల పెట్టుకుంది. బాబాయ్ అప్పటికే అదే బెంచీ మీద ఉన్నాడు. గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికి వచ్చినవాడిలా ఉన్నాడు.

"రా తల్లీ. ఇదుగో, తుడిచే కర్ర, బ్రష్షు, పెల్లెట్ల డబ్బాలు రెండు. వీటికేం ఇవ్వక్కర్లేదు, రైఫిలుతో పాటు నీకే."

ఆమె కవరు తీసింది. ఆయన అందుకోలేదు, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నిన్న నీ మాట విన్నాక నా మనసు కుదుటపడింది. ఏడాది పైగా నలిగిపోయాను, ఇది చెయ్యా, తుపాకీయా అని. చెయ్యే అయితే వాచీ ముట్టుకోకూడదు కదమ్మా? వెంట్రుకంత స్ప్రింగు పట్టుకోవాలి. ఒక్కసారి చెయ్యి జారితే ఒకరి తాత వాచీ, ఒకరి పెళ్లి వాచీ పాడైపోతుంది. అందుకే పదకొండు నెలల కిందట షట్టరు దించేశాను. సామాను మాత్రం ఉంచుకున్నాను. ఏమో, తుపాకీదే లోపమేమో అని ఒక చిన్న ఆశ. నీ చేతిలో అన్నీ ఒక చోటే పడుతున్నాయన్నావు. ఇంకేం, తేలిపోయింది. నిన్న మధ్యాహ్నమే ఆ పాతసామాన్లవాణ్ణి కేకేసి బల్ల మీద ఉన్నదంతా ఇచ్చేశా. పీడా వదిలింది."

ఆమె చేతిలో కవరు నలిగిపోయింది.

"చెయ్యి కాదు బాబాయ్!"

"ఏంటి?"

"మీ చెయ్యి కాదు. మీ చేతికేం కాలేదు." పెట్టె తెరిచి, రైఫిలు తిరగేసి, ముందు స్క్రూ మీద వేలు పెట్టింది. "ఇది ఒకటింబావు చుట్టు వదులుగా ఉండింది. నేను బిగించాను. అప్పటికి పైన గీత చెక్కుచెదరలేదు, కింద స్క్రూ వదులు. కావాలని చేశారు."

ఆయన జేబులోంచి చిన్న భూతద్దం తీసి కంట్లో ఇరికించుకున్నాడు. దాన్ని ఆ సామానుతో పాటు ఇవ్వలేదు కాబోలు. స్క్రూ తలను, తెగిన రంగు అంచును చాలాసేపు చూశాడు. ఆయనకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. స్క్రూల సంగతి ఆయనకన్నా తెలిసినవాడు ఆ ఊళ్లో ఎవడున్నాడు? భూతద్దం తీసేశాక మొహం తెల్లగా పాలిపోయింది.

లేచి లైనులోకి వెళ్లాడు. కుర్చీ వద్దన్నాడు, ఇసక సంచి వద్దన్నాడు. నిలబడి అయిదు కాల్చాడు. కార్డు తెచ్చి బల్ల మీద పెడితే మధ్యలో ఒకే కన్నం. ఆయన దాన్ని చిటికెనవేలి కొనతో తడిమాడు, రెండుసార్లు.

అప్పుడు సెక్రటరీ వచ్చాడు. రావడం రావడమే తెగిపోయిన ఎర్ర గీత చూశాడు.

"సీలు ఎవరు తీశారు?"

"నేనే," అంది ఆమె.

"చెల్లెమ్మా, మీ మీద గౌరవం ఉంది కానీ రూలు రూలే. సభ్యత్వం..."

"చించేయండి మీ సభ్యత్వం! నీ చెల్లెమ్మా గిల్లెమ్మా ఇంక ఆపు. చెయ్యి పోయిందని ఆయనతో చెప్పావు. గొట్టం పోయిందని నాతో చెప్పావు. నా చేత వద్దనిపించి, ఆయన్ని దింపి సగం ధరకి నువ్వే కొని, స్క్రూ బిగించి, అద్దాల బీరువాలో పెట్టి అమ్ముకుందామనుకున్నావు. ఇంతకుముందు ఎంతమంది పెద్దవాళ్ల చెయ్యి పోగొట్టావ్? చెప్పు! ఎంతమందిని ఇంటికి పంపావ్?"

"మర్యాదగా మాట్లాడండి. సర్వీసులో పొరపాటు ఎవరికైనా..."

"పొరపాటుగా వదులై, పొరపాటుగా దాని మీద రంగు కూడా పూసుకుందా?"

అప్పటికే లైనుల్లో కాల్పులు ఆగిపోయాయి.  నాలుగో లైనులో నిలబడ్డ తెల్లజుట్టు ఆవిడ, రిటైరైన నర్సు, తన రైఫిలును బల్ల మీద వెల్లకిలా తిప్పి, ఎర్ర గీత వైపు వంగి చూసింది. పక్కన ఒకాయన కూడా తిప్పాడు. తర్వాత ఇంకొకరు. "స్క్రూడ్రైవరుందా అమ్మా?" అని నర్సు అడిగింది. ఆమె జేబులో ఉన్న మూడూ తీసి బల్ల మీద పెట్టింది. సెక్రటరీ తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

  ఆమెకు ఒక రకంగా బాగుంది. నాలుగు రోజులుగా దాచుకున్న కోపం బయటికి వచ్చేసింది.

బాబాయ్ రైఫిలు పెట్టెలో పెట్టుకుని గేటు దాటి బస్సుస్టాపు వైపు నడుస్తున్నాడు. ఆమె పరుగెత్తి కలుసుకుంది.

"బాబాయ్, నాకు రైఫిలు వద్దు. మీ దగ్గరే ఉంచుకోండి. షాపు తియ్యండి. ఆ పాతసామాన్లవాడు ఎక్కడుంటాడు? ఇప్పుడే వెళ్దాం, నేనొస్తాను, డబ్బిచ్చి వెనక్కి తెచ్చేద్దాం."

"వీధిలో స్కూటర్ మీద వచ్చాడమ్మా. మైకు పెట్టుకుని అరుచుకుంటూ పోతుంటే పిలిచాను. పేరు అడగలేదు." ఆయన పెట్టెను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "గడియారం ముక్కలు చెక్కే చిన్న లేతు ఒకటుండేది. మా గురువుది. పట్టకార్లు నేనే సానబెట్టుకున్నవి, నా వేళ్లకి తగ్గట్టు. అన్నీ గోనెసంచిలో వేసుకున్నాడు."

ఇద్దరూ స్టాపు నీడలో నిలబడ్డారు. ఆయన రోడ్డు వైపు చూస్తూ, ఏదో లెక్క కుదరనివాడిలా నొసలు ముడిచాడు.

"ఆ స్క్రూ ఎప్పుడు చూశావమ్మా?"

ఇవాళ పొద్దున్నే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఆయన నమ్మేవాడే.

"శుక్రవారం," అంది.

ఆయన తలూపాడు. శుక్రవారం అని మెల్లగా తనలో తాను అనుకున్నాడు. దూరంగా బస్సు మలుపు తిరిగింది.

"శనివారం పొద్దున నేను అడిగాను కదమ్మా," అన్నాడు.

"తిట్టండి బాబాయ్. నన్ను తిట్టండి."

ఆయన తిట్టలేదు. బస్సు వచ్చి ఆగింది. ఆమె పెట్టె అందుకోబోతే వద్దని తల అడ్డంగా ఊపి, తనే ఎత్తుకుని ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చుని, పెట్టెను ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఆనించాడు. బస్సు కదిలి, వేగం అందుకుని, గుంతల్లో ఎగిరెగిరిపడుతూ వెళ్లింది. ఆమెకు కనపడినంత దూరం ఆ చేతులు ఎంతమాత్రం కదల్లేదు.